పరీక్ష చెప్పిన జవాబు, ఇల్లు అడిగిన ప్రశ్న: కరోనా కాలపు అనిశ్చితికి మూలాలు

సంక్షిప్తంగా

కరోనా పరీక్ష చెప్పేది ఒక్కటే: ఆ రోజు తీసిన ఆ నమూనాలో వైరస్ ఆనవాలు దొరికిందా, లేదా. ఇంట్లోవాళ్లకు కావలసిన జవాబులు వేరు. వచ్చింది అదేనా, ఇంకెవరికి అంటుకుంది, ముదురుతుందా, ఎప్పటికి తగ్గినట్టు? మహమ్మారి కాలంలో కుటుంబాలను వేధించిన అయోమయంలో చాలా భాగం ఈ రెండింటి మధ్య ఉన్న దూరం నుంచి పుట్టింది. ఆ దూరం ఎలా ఏర్పడిందో, ఇంటి నిర్ణయాలను ఎలా మార్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఇంట్లో ఒకరికి సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతుంది. తెల్లారేసరికి గొంతు నొప్పి, పొడి దగ్గు. మామూలు రోజుల్లో అయితే రెండు రోజులు చూసి, తగ్గకపోతే వైద్యుడి దగ్గరకు వెళ్లేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిని ప్రకటించి, మార్చి 11న ఈ వ్యాధిని మహమ్మారి అన్న తర్వాత అదే జ్వరానికి అర్థం మారిపోయింది. ఎవరు ఏ గదిలో పడుకోవాలి, వృద్ధులను ఎక్కడ ఉంచాలి, పిల్లలకు అన్నం ఎవరు పెట్టాలి, పనికి వెళ్లాలా మానాలా అన్న నిర్ణయాలన్నీ ఒక కాగితం మీద వచ్చే ఒక్క మాట కోసం ఆగిపోయాయి. పాజిటివ్, లేదా నెగిటివ్. ఆ ఒక్క మాట అంత బరువును మోయగలదా అన్న సందేహం చాలామందికి తర్వాత కానీ రాలేదు.

నమూనాలో ఏముందో చెప్పే పరీక్ష

కొత్త వైరస్ జన్యుక్రమం 2020 జనవరి రెండో వారంలో బయటి ప్రపంచానికి అందింది. దాని ఆధారంగా బెర్లిన్‌లోని షారిటే వైద్యశాల పరిశోధకులు రూపొందించిన ఆర్టీపీసీఆర్ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే నెలలో అన్ని దేశాలకూ అందుబాటులో ఉంచింది. ముక్కూ మొహం తెలియని వ్యాధికి కొద్ది వారాల్లో పరీక్ష సిద్ధం కావడం వైద్య చరిత్రలో అరుదైన విషయం. తర్వాత వచ్చిన గందరగోళానికి పరీక్ష లోపభూయిష్టంగా ఉండడం ప్రధాన కారణం కాదని చెప్పడానికి ఈ సంగతి ముందే గుర్తుచేయడం అవసరం.

దాని పని తీరు ఇది. ముక్కు వెనక భాగం నుంచి గానీ గొంతు నుంచి గానీ పుల్లతో స్రావం తీస్తారు. అందులో వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఉంటే దాన్ని ముందు డీఎన్‌ఏగా మార్చి, వేడిచేస్తూ చల్లబరుస్తూ ఒక్కో ఆవృత్తంలో రెట్టింపు చేస్తూ పోతారు. ప్రతిసారీ సరిగ్గా రెట్టింపయితే ఒక్క తునక 30 ఆవృత్తాలు పూర్తయ్యేసరికి 100 కోట్లకు పైగా ప్రతులవుతుంది. సంకేతం ఎన్నో ఆవృత్తంలో గుర్తించదగిన స్థాయిని దాటిందో చెప్పే అంకెనే సీటీ విలువ అంటారు. అది తక్కువగా ఉంటే నమూనాలో వైరస్ పదార్థం ఎక్కువగా ఉన్నట్టు. 20కి, 30కి మధ్య తేడా పైకి పది అంకెలే అయినా, అసలు పదార్థంలో ఆ తేడా సుమారు 1000 రెట్లు.

ఈ అంకె కుటుంబాల చేతికి వచ్చాక దాన్ని పరీక్షలో వచ్చిన మార్కులా చదవడం మొదలైంది. అయితే ఒక ప్రయోగశాల ఇచ్చిన సీటీ విలువను మరో ప్రయోగశాల విలువతో నేరుగా పోల్చడం కుదరదు. యంత్రం, రసాయనాలు, వెతికే జన్యుభాగం, పుల్ల ఎంత లోతుకు వెళ్లింది అన్నవన్నీ ఆ అంకెను మారుస్తాయి. తెలుగులో మరో చిక్కు కూడా తోడైంది. ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లో తీవ్రతకు 25కు ఇన్ని అని ఇచ్చే స్కోరునూ ‘సీటీ’ అనే పిలవడంతో, ‘సీటీ ఎంత వచ్చింది’ అన్న ప్రశ్నకు రెండు వేర్వేరు జవాబులు ఉండేవి. ఒకదానిలో అంకె పెరిగితే భయపడాలి, రెండోదానిలో అంకె తగ్గితే వైరస్ ఎక్కువ ఉందని అర్థం. ఫోన్‌లో చెప్పుకునే హడావిడిలో ఈ రెండూ కలిసిపోవడం వింత కాదు.

పరీక్ష పాజిటివ్ అంటే ఆ నమూనాలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ దొరికిందని అర్థం. ఆ వైరస్ ఇంకా బతికి ఉందా, మరొకరికి అంటగలదా, రోగికి ప్రమాదం తెస్తుందా అన్నవి ఆ పరీక్ష పరిధిలో లేవు. నెగిటివ్ అంటే ఆ నమూనాలో దొరకలేదని అర్థం. ఒంట్లో లేదని కాదు.

అంటుకున్న రోజు నుంచి లెక్క

వైరస్ ఒంట్లోకి ప్రవేశించిన వెంటనే ముక్కులో కనబడదు. కణాల్లో చేరి పెరగడానికి దానికి వ్యవధి కావాలి. మొదట వ్యాపించిన రకంలో అంటుకున్న నాటి నుంచి లక్షణాలు కనిపించే వరకు పట్టే సమయం సగటున 5 రోజులు. లక్షణాలు వచ్చేవారిలో దాదాపు అందరికీ 12 రోజుల లోపే అవి బయటపడతాయి. రోగితో దగ్గరగా మెలిగినవారిని 14 రోజులు విడిగా ఉంచాలన్న నియమం వెనక ఉన్నది ఈ లెక్కే.

ఈ వ్యవధిలో పరీక్ష చేయించుకుంటే ఏమవుతుందో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2020లో లెక్కగట్టారు. ఏడు అధ్యయనాల్లోని 1330 నమూనాల సమాచారాన్ని కలిపి చూస్తే, వైరస్ సోకిన మొదటి రోజు చేసిన ఆర్టీపీసీఆర్ దాదాపు నూటికి నూరు పాళ్లూ నెగిటివ్ చూపుతుంది. నాలుగో రోజున ఆ అవకాశం 67 శాతం. లక్షణాలు మొదలయ్యే రోజున, అంటే సుమారు ఐదో రోజున, 38 శాతం. ఎనిమిదో రోజుకు 20 శాతానికి దిగుతుంది. ఆ తర్వాత మళ్లీ మెల్లగా పెరుగుతుంది. అత్యంత అనువైన రోజున కూడా ఐదుగురు రోగుల్లో ఒకరు తప్పించుకుపోవచ్చునన్నమాట.

కుటుంబాలు పరీక్షకు పరుగెత్తింది ఎప్పుడన్నది ఇక్కడ ముఖ్యం. దగ్గర మనిషికి పాజిటివ్ అని తెలిసిన మరుక్షణమే ఇంటిల్లిపాదీ వెళ్లి పరీక్ష చేయించుకోవడం సహజమైన స్పందన. పరీక్ష గుణం ప్రకారం అది చాలాసార్లు తొందరపాటు. ఆ రోజు వచ్చిన నెగిటివ్‌ను నమ్మి, వృద్ధురాలైన తల్లి గదిలోకి వెళ్లిన కొడుకు అబద్ధమాడలేదు, అజాగ్రత్తగానూ లేడు. ఆ కాగితం నిన్నటి స్థితి చెబితే, దాన్ని రేపటికి హామీగా తీసుకున్నాడు.

ఒకే ఫలితం, రెండు అర్థాలు

పరీక్ష ఫలితానికి దానంతట దానికి స్థిరమైన అర్థం లేదన్నది ఈ మొత్తం వ్యవహారంలో మింగుడుపడని అంశం. పరీక్షకు ముందే వ్యాధి ఉండే అవకాశం ఎంత ఉందన్నదాన్ని బట్టి అదే ఫలితం వేర్వేరు మాటలు చెబుతుంది. దీన్ని ఒక ఊహా లెక్కతో చూడవచ్చు. ఒక పరీక్ష నిజంగా సోకినవారిలో 70 శాతం మందిని పట్టుకుంటుందని, సోకనివారిలో 99 శాతం మందికి సరిగ్గా నెగిటివ్ చూపుతుందని అనుకుందాం.

మొదట 1000 మందిని తీసుకుందాం. వీళ్లంతా ఇంట్లో రోగి ఉన్నవాళ్లు. జ్వరం, దగ్గు ఉన్నాయి, వాసన తెలియడం లేదు. వీరిలో 800 మందికి వ్యాధి ఉందని అనుకుంటే పరీక్ష 560 మందిని పట్టుకుంటుంది, 240 మందిని వదిలేస్తుంది. వ్యాధి లేని 200 మందిలో 198 మందికి నెగిటివ్ వస్తుంది. మొత్తం 438 నెగిటివ్‌లలో 240 తప్పు. అంటే ఇలాంటి ఇంట్లో నెగిటివ్ వచ్చినా, వ్యాధి ఉండే అవకాశం సగానికి పైనే.

ఇప్పుడు మరో 1000 మంది. ఏ లక్షణాలూ లేవు, రోగితో సంబంధం లేదు. ప్రయాణానికో, ఉద్యోగానికో కాగితం కావాలి. వీరిలో 10 మందికి మాత్రమే వ్యాధి ఉందనుకుంటే, పరీక్ష 7 మందిని పట్టుకుంటుంది. మిగతా 990 మందిలో సుమారు 10 మందికి తప్పుగా పాజిటివ్ చూపుతుంది. ఇక్కడ 17 పాజిటివ్‌లలో 10 అసత్యం, నెగిటివ్‌లు మాత్రం దాదాపు అన్నీ నమ్మదగినవే. పరీక్ష ఒకటే. మొదటి గుంపులో నెగిటివ్‌ను అనుమానించాలి, రెండో గుంపులో పాజిటివ్‌ను మరోసారి సరిచూసుకోవాలి.

వైద్యులకు ఇది కొత్త కాదు. అందుకే గట్టి లక్షణాలున్న రోగికి నెగిటివ్ వచ్చినా కోవిడ్‌గానే చూసి చికిత్స ఇచ్చారు. కుటుంబానికి మాత్రం ఇది మాటమార్చినట్టు వినిపించింది. ‘నెగిటివ్ అని మీ కాగితమే చెబుతుంటే కోవిడ్ వార్డులో ఎందుకు పెట్టారు’ అన్న ప్రశ్నలో న్యాయం ఉంది. దానికి జవాబు చెప్పాలంటే పైన చేసిన కూడికలూ తీసివేతలూ చెప్పాలి. రద్దీగా ఉన్న ఆసుపత్రి వసారాలో అంత తీరిక ఎవరికీ లేదు.

ఇదే చిక్కు ఒక రాష్ట్రం మొత్తాన్ని ఎలా తాకుతుందో చైనాలోని హుబేలో కనబడింది. పరీక్షలు చాలక, చేసినవాటిలో నెగిటివ్‌లు నమ్మలేక, ఊపిరితిత్తుల స్కాన్, లక్షణాల ఆధారంగా వైద్యులు నిర్ధారించినవారిని కూడా లెక్కలో కలపాలని అక్కడి అధికారులు నిర్ణయించారు. 2020 ఫిబ్రవరి 12 నాటి లెక్కలో ఒక్కరోజే 14,840 కొత్త కేసులు చేరాయి, వాటిలో 13,332 ఇలా వైద్య నిర్ధారణతో వచ్చినవే. ఆ ఒక్కరోజులో వ్యాధి అంతగా విజృంభించలేదు, మారింది నిర్వచనం మాత్రమే. అంతకు ముందు రోజు వరకు ‘అనుమానితులు’గా ఉన్న వేలమంది కుటుంబాలకు మర్నాడు ‘రోగి కుటుంబం’ అన్న హోదా వచ్చింది.

ఫలితం కోసం ఎదురుచూపు

‘పరీక్షలు, పరీక్షలు, పరీక్షలు’ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ 2020 మార్చి 16న అన్ని దేశాలనూ కోరారు. ఆనాటికి చాలా దేశాల్లో పరీక్ష దొరకడమే గగనం. అమెరికాలో వ్యాధి నియంత్రణ కేంద్రం ఫిబ్రవరిలో పంపిన కిట్లు సరిగా పనిచేయకపోవడంతో విలువైన వారాలు పోయాయి. 2015లో మెర్స్ అనే మరో కరోనా వైరస్ వ్యాధితో దెబ్బ తిన్న దక్షిణ కొరియా, కొత్త పరీక్షలకు త్వరగా అత్యవసర అనుమతి ఇచ్చేలా అప్పుడే నిబంధనలు మార్చుకోవడం వల్ల ఫిబ్రవరి నాటికే పెద్ద ఎత్తున పరీక్షలు చేయగలిగింది, కారులో కూర్చునే నమూనా ఇచ్చే కేంద్రాలు నడిపింది.

కొరత ఉన్నచోట పరీక్ష ఎవరికి చేయాలన్న నియమాలు వచ్చాయి. ప్రయాణం చేసి వచ్చినవారు, ఆసుపత్రిలో చేరినవారు, వైద్య సిబ్బంది ముందు. ఇంట్లో జ్వరంతో ఉన్నవారికి ‘కోవిడ్ అనుకునే ఉండండి’ అన్న సలహా దొరికింది. అంటే వ్యాధి ఉన్నట్టు ప్రవర్తించాలి, ఉందని రుజువు మాత్రం ఉండదు. ఈ మధ్యస్థితి మొదటి కెరటంలో లెక్కలేనన్ని ఇళ్ల అనుభవం. నియమాలు లక్షణాలతో సమానంగా కూడా నడవలేదు. వాసన, రుచి పోవడం ఈ వ్యాధికి గట్టి సూచన అని వైద్యులు వసంత కాలంలోనే గమనించినా, బ్రిటన్ దాన్ని అధికారిక లక్షణాల జాబితాలో చేర్చింది మే 18న. అంతకు ముందు వాసన పోయిందని చెప్పినవారు ఆ జాబితా ప్రకారం రోగులు కారు.

పరీక్ష చేయించుకోగలిగినవారికి ఎదురైన రెండో అడ్డు ఆలస్యం. నమూనా సేకరణ, రవాణా, ప్రయోగశాలలో వరుస, సమాచారం చేరవేత, ఇలా ప్రతి మజిలీలోనూ గంటలు రోజులయ్యాయి. ఫలితం వారం ఆలస్యమైతే రెండు నష్టాలు. ఆ వారమంతా ఇల్లు ఏ నిర్ణయమూ గట్టిగా తీసుకోలేదు. చివరికి చేతికొచ్చే కాగితం ఎప్పటి సంగతో చెబుతుంది. నమూనా ఇచ్చిన తర్వాత వైరస్ సోకిన వ్యక్తికి నెగిటివ్ రావచ్చు, పాజిటివ్ వచ్చేనాటికి రోగి అంటించే దశ దాటిపోయి ఉండవచ్చు. నిర్ణయానికి పనికొచ్చే గడువు లోపల రాని ఫలితం గణాంకాలకు ఉపయోగపడుతుంది, ఇంటికి కాదు.

గడప లోపల

ఇల్లు ఈ వైరస్‌కు అన్నింటికన్నా అనువైన చోటు. మాస్కు తీసి, దగ్గరగా, తలుపులు మూసుకుని, గంటల తరబడి కలిసి ఉండేది అక్కడే. 2020 చివర్లో వెలువడిన ఒక సమీక్ష పదుల కొద్దీ అధ్యయనాలను కలిపి చూసి, ఇంట్లో ఒకరికి సోకితే మిగతావారిలో ఒక్కొక్కరికి అంటుకునే అవకాశం సగటున 16.6 శాతమని తేల్చింది. జీవిత భాగస్వామికి అది 37.8 శాతం. ఒమిక్రాన్ నాటికి మొత్తం సగటే 40 శాతం దాటింది.

తొలినాళ్ల అంకెలో కుటుంబాలను తికమకపెట్టిన విషయం దాగి ఉంది. ఒకే మంచం మీద పడుకున్న భార్యాభర్తల్లో ఒకరికి పాజిటివ్, ఒకరికి నెగిటివ్ వస్తే పరీక్ష తప్పని చాలామంది అనుకున్నారు. తప్పు కావచ్చు కూడా. కానీ భాగస్వాముల్లో సగానికి పైగా మందికి నిజంగానే అంటుకోని కాలం అది. పైన చెప్పిన రోజుల లెక్కను కూడా కలిపితే, నెగిటివ్ వచ్చిన వ్యక్తికి మూడు దారులున్నాయి: నిజంగా సోకలేదు, సోకింది గానీ ఇంకా బయటపడలేదు, ఉన్నా పుల్లకు చిక్కలేదు. ఈ మూడింటినీ వేరుచేసే శక్తి ఒక్క పరీక్షకు లేదు, రోజుల తేడాతో చేసిన రెండు మూడు పరీక్షలకు కొంత ఉంది.

ఇంటిని మరింత నిస్సహాయం చేసింది లక్షణాలకు ముందే అంటించే గుణం. ఒకరి నుంచి మరొకరికి అంటుకున్న 77 జతల రోగులను పరిశీలించి 2020 ఏప్రిల్‌లో ప్రచురించిన అధ్యయనం, సుమారు 44 శాతం సంక్రమణ మొదటి రోగికి లక్షణాలు రాకముందే జరిగిందని అంచనా వేసింది. జ్వరం చూసి గది వేరు చేసే సరికి జరగవలసినది సగం జరిగిపోయి ఉంటుంది. ‘ఎవరి వల్ల వచ్చింది’ అన్న ప్రశ్న ఇళ్లలో ఎంత గాయం చేసిందో కొలవడానికి పరికరం లేదు గానీ, ఆ ప్రశ్నకు కచ్చితమైన జవాబు సాధారణంగా దొరకదని మాత్రం ఈ లెక్కలు చెబుతాయి. మొదట లక్షణాలు కనిపించిన వ్యక్తే మొదట సోకిన వ్యక్తి కావాలని లేదు. పిల్లలో, పడుచువారో ఏ లక్షణమూ లేకుండా తెచ్చిన వైరస్ ముందుగా పెద్దవారిలో బయటపడవచ్చు.

జబ్బులో అనిశ్చితి మనిషిపై ఎలా పనిచేస్తుందన్న దానిపై నర్సింగ్ పరిశోధకురాలు మెర్ల్ మిషెల్ 1988లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఏ లక్షణానికి ఏ అర్థమో తేలనప్పుడు, సమాచారం చాలనప్పుడు లేదా ఒకదానికొకటి పొసగనప్పుడు, ముందు ఏం జరుగుతుందో ఊహకు అందనప్పుడు అనిశ్చితి పుడుతుంది. అయితే అది ఎప్పుడూ భయంగానే అనుభవానికి రాదన్నది ఆ సిద్ధాంతంలోని ఆసక్తికరమైన మలుపు. తెలియబోయేది చెడు అయినప్పుడు తెలియకపోవడమే ఆశకు చోటిస్తుంది. కరోనా కాలంలో పరీక్షకు వెనకాడినవారి ప్రవర్తన ఈ కోణంలో అర్థమవుతుంది. పాజిటివ్ అని తేలితే ఆదాయం ఆగుతుంది, వృద్ధులు ఒంటరవుతారు, చుట్టుపక్కలవారు దూరం జరుగుతారు, ఆసుపత్రికి తీసుకెళితే మళ్లీ చూస్తామో లేదో తెలియదు. ‘జలుబే అయి ఉంటుంది’ అన్న మాట వెనక చాలాసార్లు ఈ లెక్క ఉంది. దీన్ని అజ్ఞానం కింద కొట్టిపారేయడం తేలిక. పరీక్షను ఉచితం చేస్తే సరిపోదని, ఫలితం వల్ల వచ్చే నష్టానికి కూడా భరోసా ఉండాలని గ్రహించిన ప్రభుత్వాలు ఐసొలేషన్‌లో ఉన్నవారికి వేతనమో భత్యమో చెల్లించడం ఈ లెక్కను గుర్తించినందువల్లనే.

ఇంటికొచ్చిన పరీక్ష

2020 రెండో అర్ధభాగంలో ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షలు విస్తరించాయి, 2021 నాటికి అనేక దేశాల్లో ఇంట్లోనే చేసుకునే కిట్లు వచ్చాయి. ఇవి వైరస్ జన్యుపదార్థాన్ని కాక దాని ప్రోటీన్‌ను వెతుకుతాయి. రెట్టింపు చేసే ప్రక్రియ లేదు కాబట్టి వైరస్ ఎక్కువగా ఉన్నప్పుడే గీత పడుతుంది. అలాంటి పరీక్ష సోకినవారిలో కనీసం 80 శాతం మందిని పట్టాలని, సోకనివారిలో కనీసం 97 శాతం మందికి సరైన ఫలితం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీస హద్దు పెట్టింది. వైద్య అధ్యయనాలను కలిపి విశ్లేషించే కాక్రేన్ సంస్థ 2021 మార్చిలో వెలువరించిన సమీక్షలో లక్షణాలున్నవారిలో సగటు పట్టివేత 72 శాతంగా, లక్షణాలు లేనివారిలో 58 శాతంగా తేలింది. అదే లక్షణాలు మొదలైన మొదటి వారంలో 78 శాతం, రెండో వారంలో 51 శాతం.

ఆర్టీపీసీఆర్‌తో పోల్చి ‘నాసిరకం’ అన్న పేరు వీటికి త్వరగానే వచ్చింది. ఆ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. వైరస్ బాగా ఉన్న రోజుల్లో మాత్రమే గీత పడడం రోగ నిర్ధారణకు లోపమే అయినా, ‘ఈ పూట నేను తాతగారి దగ్గర కూర్చోవచ్చా’ అన్న ప్రశ్నకు అది ఎక్కువ దగ్గరగా ఉన్న జవాబు. పైగా 15 నుంచి 30 నిమిషాల్లో వస్తుంది, మర్నాడు మళ్లీ చేసుకోవచ్చు. ఇంటి ప్రశ్నకూ పరీక్ష జవాబుకూ మధ్య దూరం కొంత తగ్గింది ఇక్కడే.

రెండు పరీక్షలు రెండు మాటలు చెప్పినప్పుడు ఏది నమ్మాలన్న చిక్కు మాత్రం మిగిలింది. పెద్ద పరీక్షదే పైచేయి అన్నది అప్పటి నియమం. ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇంట్లో యాంటిజెన్ పాజిటివ్ వచ్చినవారికి ఆర్టీపీసీఆర్ నెగిటివ్ రావడం ఎక్కువైంది. కిట్లదే తప్పనుకుని చాలామంది పనులకు వెళ్లిపోయారు. తీరా చూస్తే ఒక ప్రైవేటు ప్రయోగశాలలో లోపం జరిగిందని, సుమారు 43,000 మందికి తప్పుగా నెగిటివ్ అని చెప్పి ఉండవచ్చని అధికారులు అంచనా వేశారు. ఇంటి బల్ల మీద ఉన్న చిన్న కిట్ నిజం చెప్పింది, దాని మాట వినే నియమం లేదు.

ముదురుతుందా అన్న ప్రశ్న

ఇంకెవరికి అంటుకుంది అన్న ప్రశ్నకు ఆలస్యంగానైనా కొంత జవాబిచ్చిన పరీక్ష, ముదురుతుందా అన్న ప్రశ్న దగ్గర పూర్తిగా మౌనం వహించింది. చాలామందికి వారంలో తగ్గిపోతుంది. కొందరికి తగ్గుతున్నట్టే ఉండి, లక్షణాలు మొదలైన వారానికి, పది రోజులకు అకస్మాత్తుగా ఊపిరి అందదు. అప్పటికి జరుగుతున్నది వైరస్ దాడి కన్నా శరీర రక్షణ వ్యవస్థ అతిస్పందన. కొంతమంది రోగులు రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయినా ఆయాసం తెలియకుండా మాట్లాడుతూ ఉండడం వైద్యులనే ఆశ్చర్యపరిచింది.

జపాన్ ఇంజినీరు తకువో అవోయాగి 1970ల్లో కనిపెట్టిన సూత్రంతో పనిచేసే పల్స్ ఆక్సీమీటర్ ఇంటింటికీ చేరడానికి కారణం ఇదే. వేలికి తగిలించిన ఆ చిన్న పరికరం పాజిటివ్ కాగితం చెప్పలేనిది చెప్పింది. అంకె పడిపోతూ ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. దానికీ పరిమితులున్నాయి. చల్లబడిన వేళ్లు, గోళ్ల రంగు తప్పుదారి పట్టిస్తాయి. నల్లని చర్మం ఉన్నవారిలో అది ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపే అవకాశం ఉందని 2020 డిసెంబరులో అమెరికా పరిశోధకులు ప్రచురించిన ఫలితాలు బయటపెట్టాయి. పరికరానికి చిక్కకుండా దాగి ఉన్న ఆక్సిజన్ లోటు నల్లజాతి రోగుల కొలతల్లో 11.7 శాతం, తెల్లవారి కొలతల్లో 3.6 శాతం కనిపించింది. అందువల్ల ఒక్క అంకె కన్నా, అదే మనిషిలో అంకె దిగుతున్న తీరు ఎక్కువ నమ్మదగినది.

వేళ ఎంత ముఖ్యమో చికిత్సలోనూ రుజువైంది. డెక్సామెథసోన్ అనే చౌక స్టెరాయిడ్ వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ అందుకుంటున్నవారిలో ఐదో వంతు తగ్గిస్తుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లోని ‘రికవరీ’ అనే ఔషధ ప్రయోగం ప్రకటించింది. ఆక్సిజన్ అవసరం లేనివారిలో ప్రయోజనం కనబడలేదు. పాజిటివ్ రాగానే భయంతో ఇంట్లో స్టెరాయిడ్ మొదలుపెట్టడం ఎందుకు ప్రమాదమో ఇది విడమరిచి చెబుతుంది. జవాబు రోగి ఆక్సిజన్ అవసరంలో ఉంది, పరీక్ష కాగితంలో లేదు.

తగ్గిందని ఎవరు చెప్పాలి

జ్వరం పోయింది, దగ్గు తగ్గింది, ఆకలి వేస్తోంది. కానీ 20వ రోజు చేసిన పరీక్ష ఇంకా పాజిటివ్. ఈ స్థితిలో గదిలోంచి బయటికి రాలేక వారాలు గడిపినవారు ఎందరో. మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు ప్రకారం, 24 గంటల తేడాతో రెండు నెగిటివ్‌లు వస్తేనే విడుదల. అంటుకోవడాన్ని ఆపడానికి పుట్టిన నియమం అది. చచ్చిన వైరస్ తునకలను కూడా ఆర్టీపీసీఆర్ పట్టుకుంటుందన్న సంగతి దాని లెక్కలో లేదు.

జర్మనీలోని తొలి రోగుల నమూనాల నుంచి ప్రయోగశాలలో వైరస్‌ను పెంచడానికి ప్రయత్నించినప్పుడు, లక్షణాలు వచ్చిన ఎనిమిదో రోజు తర్వాతి నమూనాల్లో అది పెరగలేదు. దక్షిణ కొరియాలో కోలుకుని ఇంటికెళ్లిన తర్వాత మళ్లీ పాజిటివ్ వచ్చిన 285 మందిని అధికారులు పరిశీలించి, వారి నుంచి వ్యాధి వ్యాపించినట్టు ఆధారం లేదని మే నెలలో ప్రకటించారు. 2020 మే 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానాన్నే మార్చింది: లక్షణాలున్నవారికి అవి మొదలైన నాటి నుంచి 10 రోజులు, ఆ పైన లక్షణాలు లేకుండా కనీసం 3 రోజులు. పరీక్ష స్థానాన్ని క్యాలెండరు తీసుకుంది.

శాస్త్రపరంగా ఇది మెరుగైన నియమం. కుటుంబాల నమ్మకం దృష్ట్యా మాత్రం దీనికి మూల్యం ఉంది. నిన్నటి వరకు నెగిటివ్ లేనిదే ఇంట్లోకి రానివ్వవద్దన్నవారు, నేడు పాజిటివ్ ఉన్నా పరవాలేదు అంటున్నారు. కారణం చెప్పకుండా మారిన నియమం బలహీనపడిన నియమంలా కనిపిస్తుంది. 2021 డిసెంబరులో అమెరికా లక్షణాలు తగ్గుతున్నవారికి ఐసొలేషన్‌ను 5 రోజులకు కుదించినప్పుడు ఈ అనుమానం మరింత గట్టిపడింది, ఎందుకంటే అందులో శాస్త్రంతో పాటు సిబ్బంది కొరత లెక్క కూడా కలిసి ఉంది.

పరీక్ష లేకుండా గడిచిన జబ్బు

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంట్లోనే జ్వరపడి లేచి, పరీక్ష దొరకనివారిలో కొందరికి నెలలు గడిచినా నీరసం, ఆయాసం, మతిమరుపు పోలేదు. ‘లాంగ్ కోవిడ్’ అన్న పేరు ఆ ఏడాది మేలో రోగుల నుంచే వచ్చింది. పేరైతే వచ్చింది గానీ, పాజిటివ్ కాగితం లేనివారికి అసలు వ్యాధి వచ్చిందన్నది కూడా నిరూపించుకోవలసి వచ్చింది. అందుకోసం కొందరు యాంటీబాడీ పరీక్షలు చేయించుకున్నారు. అక్కడా అదే కథ. యాంటీబాడీలు తయారవడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, తేలికపాటి జబ్బు వచ్చినవారిలో అవి కొన్ని నెలలకు గుర్తించలేని స్థాయికి పడిపోవచ్చు. వైరస్ పైభాగంలోని స్పైక్ ప్రోటీన్ ఒక్కదాని ఆధారంగా చేసిన టీకా వేసుకున్న తర్వాత ఆ ప్రోటీన్‌పై యాంటీబాడీలు కనిపిస్తే, అవి టీకా వల్ల వచ్చాయో వైరస్ వల్ల వచ్చాయో చెప్పలేరు. వైరస్ లోపలి ప్రోటీన్‌పై యాంటీబాడీలను విడిగా వెతకాలి.

2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ స్థితికి నిర్వచనం ఇచ్చింది. వ్యాధి మొదలైన సుమారు మూడు నెలల నాటికి ఉండి, కనీసం రెండు నెలలు కొనసాగుతూ, మరో కారణంతో వివరించలేని లక్షణాలు. అందులో అర్హులుగా చెప్పినది వైరస్ సోకినట్టు నిర్ధారణ అయినవారిని మాత్రమే కాదు, సోకి ఉండే అవకాశం ఎక్కువగా ఉన్నవారిని కూడా. పరీక్షే దొరకని వసంతంలో జబ్బుపడినవారు ఆ రెండో మాట వల్ల నిర్వచనం లోపలికి వచ్చారు. ఉద్యోగ సెలవులు, బీమా, వైకల్య భత్యం ఇచ్చే కార్యాలయాలు మాత్రం చాలాచోట్ల అడిగింది మొదటి మాట తాలూకు కాగితాన్నే.